గసగసం గింజంత పిడుదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వారు నన్ను “ఆరోగ్యం మీద ఏదైనా మాట్లాడండి, ఇరవై నిమిషాలు” అన్నారు. షుగరు, బీపీ, మోకాళ్ళ గురించి మీకు నాకంటే ఎక్కువే తెలుసు. పొద్దున టిఫిన్ల దగ్గర విన్న మాటల్లో సగం అవే. అందుకని మీలో చాలామంది పేరు కూడా విని ఉండని ఒక జబ్బు గురించి చెబుతాను. అది మన జిల్లా జబ్బు కాదు. దాన్ని మనుషుల్లో మొదట గుర్తించింది స్వీడన్, జర్మనీ, స్విట్జర్లాండ్ దేశాల్లో. అయినా ఈ సభలో ఎందుకు చెబుతున్నానంటే, అది గట్టిగా పట్టుకునేది యాభై దాటి, ఏదో ఒక పెద్ద జబ్బుకు రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్ళని. మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో అలాంటివాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్ళల్లో వేసవికి పిల్లల దగ్గరకు విదేశాలు వెళ్ళివచ్చేవాళ్ళూ తక్కువేం కాదు.

పిడుదు అంటే పట్నంలో పెరిగిన మనవలకు తెలియకపోవచ్చు గాని, మనకు కొత్త కాదు. తెలంగాణ మిత్రులు గోమారి అంటారు. ఆవు చెవి లోపల, పొదుగు పక్కన, గంగడోలు కింద బూడిదరంగు గింజల్లా పట్టుకుని ఉండేవి. బడి నుంచి ఇంటికెళ్ళి వాటిని పీకి నిప్పుల్లో వేసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు. వదలకుండా వెంటపడేవాణ్ణి “పిడుదులా పట్టుకున్నాడ్రా” అనేది ఊరికే కాదు. ఐరోపాలో మనుషుల్ని కుట్టే పిడుదు ఇదే కుటుంబంలోది, పేరు ఇక్సోడిస్ రిసినస్. అది జీవితంలో మూడుసార్లు మాత్రమే రక్తం తాగుతుంది. పిల్లగా ఒకసారి, కుర్రదశలో ఒకసారి, పెద్దయ్యాక ఒకసారి. ఈ కుర్రదశలో ఉన్నది గసగసం గింజంత ఉంటుంది. కుట్టినప్పుడు నొప్పి తెలియదు, ఎందుకంటే దాని లాలాజలంలో నొప్పినీ, రక్తం గడ్డకట్టడాన్నీ అడ్డుకునే పదార్థాలు ఉంటాయి. మోకాలి వెనక, గజ్జల్లో, చంకలో, జుట్టులో దాక్కుని రోజుల తరబడి తాగి, నిండాక రాలిపోతుంది. కుట్టినట్టు గుర్తే లేనివాళ్ళు చాలామంది ఉంటారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

పిడుదు తెచ్చే జబ్బు అనగానే అమెరికాలో పిల్లలున్నవాళ్ళకు లైమ్ జబ్బు గుర్తొస్తుంది. దాని సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వదిలేస్తాను. నేను చెప్పబోయే బ్యాక్టీరియా పేరు నియోఎర్లికియా మికురెన్సిస్. నోరు తిరగకపోతే ఫరవాలేదు, మొదట్లో నాకూ తిరగలేదు. జపాన్‌లో టోక్యోకు దక్షిణాన సముద్రంలో మికురా అనే చిన్న దీవి ఉంది. అక్కడి ఎలుకల్లో దొరికింది కనుక మికురెన్సిస్. పాల్ ఎర్లిక్ అనే జర్మన్ శాస్త్రవేత్త పేరు మీద ఎర్లికియా. ఈ పేరు 2004లో పెట్టారు. దాని జన్యువు ఆనవాళ్ళు అంతకు ముందే, 1999లో, నెదర్లాండ్స్ పిడుదుల్లో కనిపించాయి. అయితే చాలా ఏళ్ళు దాని పేరు ముందు “కాండిడేటస్” అనే మాట తగిలించి రాసేవారు. లేబొరేటరీలో విడిగా పెంచి చూపించేదాకా బ్యాక్టీరియాకు పూర్తి గుర్తింపు ఇవ్వరు. మన పదో తరగతి ప్రొవిజనల్ సర్టిఫికెట్ లాంటిదన్నమాట. ఒరిజినల్ తరువాత ఇస్తామని చెప్పి ఉద్యోగం దాకా దానితోనే నెట్టుకొచ్చినవాళ్ళం మనలోనూ ఉన్నాం.

అప్పటికి అది ఎలుకల్లో, పిడుదుల్లో ఉండే ఒక వింత మాత్రమే. 2010లో గోథెన్‌బర్గ్ వైద్యులు ఒక కేసు ప్రచురించారు. డెబ్బై దాటిన మనిషి. దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా, అంటే ఒకరకం రక్త క్యాన్సర్ ఉంది. జ్వరం వచ్చింది. బ్లడ్ కల్చర్ పెడితే ఏమీ పెరగలేదు. చివరకు రక్తంలో ఉన్న బ్యాక్టీరియా జన్యువును నేరుగా చదివితే ఈ మికురా దీవి పేరు బయటపడింది. అదే సంవత్సరం జర్మనీ నుంచీ స్విట్జర్లాండ్ నుంచీ కూడా కేసులు అచ్చయ్యాయి. ఒకరికొకరు సంబంధం లేని మూడు చోట్ల, ఏడాది తిరగకుండా. అంటే అది ఆ ఏడాదే పుట్టిందని కాదు. అంతకు ముందు ఎన్నాళ్ళుగానో మనుషులకు వస్తూనే ఉండి ఉంటుంది, గుర్తుపట్టే పరికరం అప్పుడు చేతికొచ్చింది.

బ్లడ్ కల్చర్ సంగతి కాస్త చెబుతాను. నా ఉద్యోగ జీవితమంతా దానితోనే గడిచింది కాబట్టి మీరు ఓపిక పట్టాలి. రోగి రక్తాన్ని పోషకాలున్న సీసాలో వేసి, వెచ్చగా పెట్టి, ఏదైనా పెరుగుతుందా అని ఐదారు రోజులు చూస్తాం. ఇది తరగతిలో హాజరు పిలవడం లాంటిది. పేరు పిలిచినప్పుడు “ప్రెజెంట్ సార్” అన్నవాడు ఉన్నట్టు, పలకనివాడు లేనట్టు. కానీ వెనక బెంచీలో తల వంచుకుని పలకకుండా కూర్చునే రకం ఒకటి ఉంటుంది గదా! నియోఎర్లికియా ఆ రకం. అది బతికున్న కణాల లోపల మాత్రమే పెరుగుతుంది. సీసాలో ఎన్ని పోషకాలు పోసినా పలకదు. దాన్ని పట్టాలంటే ప్రతి బ్యాక్టీరియాలోనూ ఉండే 16ఎస్ అనే జన్యువును రక్తం నుంచి తీసి, పీసీఆర్‌తో నకళ్ళు పెంచి, అక్షరం అక్షరం చదవాలి. బల్ల మీదున్న పుస్తకాల అట్టలు చూసి ఎవరు వచ్చారో రాసుకోవడం అనుకోండి. పలకకపోయినా పేరు దొరుకుతుంది.

అది ఏ కణాల్లో దాక్కుంటుందో చాలాకాలం తేలలేదు. 2019లో గోథెన్‌బర్గ్ పరిశోధకులు రోగుల రక్తం నుంచి దాన్ని తీసి, రక్తనాళాల లోపలి పొర కణాల్లో పెంచగలిగారు. అంతకు ముందు పదేళ్ళుగా వైద్యులను తికమక పెట్టిన ఒక లక్షణానికి దానితో అర్థం దొరికింది. ఈ జబ్బు వచ్చినవాళ్ళలో చాలామందికి కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవడం, రక్తనాళాలు ఉబ్బడం లాంటివి కనిపిస్తున్నాయి. నాళం గోడలోనే కాపురం పెట్టినప్పుడు అలా జరగడంలో వింతేముంది?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆరోగ్యవంతుణ్ణి ఈ పిడుదు కుడితే చాలాసార్లు ఏమీ కాదు. పోలండ్‌లో అటవీ ఉద్యోగుల రక్తం పరీక్షిస్తే కొందరిలో ఈ బ్యాక్టీరియా జన్యువు దొరికింది, వాళ్ళకు జబ్బు లక్షణాలు మాత్రం లేవు. ఈశాన్య చైనాలో కొద్దిమంది ఆరోగ్యవంతులకు జ్వరం, తలనొప్పి వచ్చాయి. మంచం పట్టేది వేరేవాళ్ళు. రెండు గుంపుల పేర్లు మళ్ళీ మళ్ళీ వినబడతాయి. ఒకటి, ప్లీహం తీసేసినవాళ్ళు. ప్లీహం రక్తాన్ని వడగట్టి అందులోని సూక్ష్మజీవులను ఏరేసే అవయవం. అది లేనివాళ్ళకు కాపలా ఒకటి తగ్గినట్టే. రెండు, రిటుక్సిమాబ్ అనే మందు తీసుకుంటున్నవాళ్ళు. ఇది మన శరీరంలో ప్రతిరక్షకాలు తయారుచేసే బీ కణాలను తుడిచిపెడుతుంది. అమెరికాలో 1997లో లింఫోమాకు, 2006లో రుమటాయిడ్ కీళ్ళవాతానికి దీనికి అనుమతి వచ్చింది. ఎన్నో ప్రాణాలు కాపాడిన మందు. దాన్ని తిట్టడానికి నేనిక్కడ నిలబడలేదు, ఎవరూ ఇంటికెళ్ళి మానేయకండి. అయితే ఇరవై ముప్ఫై ఏళ్ళ కిందట ఇలాంటి రోగులు ఇంతకాలం బతికేవారు కాదు, బతికినా అడవుల్లో నడకలకు వెళ్ళేవారు కాదు. ఇప్పుడు బతుకుతున్నారు, తిరుగుతున్నారు, విమానాలెక్కుతున్నారు. “కొత్తగా పుట్టుకొస్తున్న జబ్బు” అని పత్రికలు రాస్తే, ఆ కొత్తదనంలో సగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

మిగిలిన సగం పిడుదుల లెక్కలో ఉంది. అది కూడా సరదాగా ఉంటుంది, క్లుప్తంగా చెబుతాను. స్వీడన్‌లో డెబ్బైల చివర, ఎనభైల్లో నక్కలకు గజ్జి పట్టి చాలా చచ్చిపోయాయి. నక్కలు తగ్గేసరికి రో డీర్ అనే చిన్న జింకల పిల్లలు బతికి బట్టకట్టి మందలు పెరిగాయి. పెద్ద పిడుదులకు కడుపు నింపేది ఆ జింకలే. చలికాలాలు కూడా మెత్తబడ్డాయి. దాంతో పిడుదులు పెరిగి ఉత్తరానికి పాకాయి. ఈ బ్యాక్టీరియాను మోసేది మాత్రం జింకలు కాదు, అడవి చిట్టెలుకలు. పిడుదు పిల్ల పుట్టినప్పుడు శుభ్రంగా ఉండి, మొదటి భోజనం చిట్టెలుక దగ్గర చేసి బ్యాక్టీరియాను అంటించుకుంటుంది. రెండో భోజనానికి మన కాలు దొరుకుతుంది.

ఈ జబ్బులో ప్రమాదం ఎక్కడుందో ఒక ఊహాగాథగా చెబుతాను. మన బ్యాచ్ అక్కయ్య ఒకావిడ అనుకోండి. వయసు అరవై ఆరు. పదిహేనేళ్ళుగా కీళ్ళవాతం, ఆరునెలలకోసారి రిటుక్సిమాబ్. మే నెలలో కొడుకు దగ్గరకు గోథెన్‌బర్గ్ వెళ్ళింది. మనవడితో పార్కు గడ్డిలో కూర్చుంది, జులైలో అందరితో కలిసి అడవిలో బ్లూబెర్రీలు కోసింది. ఆగస్టు చివర తిరిగొచ్చింది. సెప్టెంబరులో జ్వరం మొదలైంది. రెండు రోజులుండి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. చలి, చెమటలు, కండరాల నొప్పులు, కీళ్ళ నొప్పులు. బరువు తగ్గింది. డెంగీ లేదు, మలేరియా లేదు, కల్చర్‌లో ఏమీ లేదు. సీఆర్‌పీ మాత్రం బాగా ఎక్కువ, తెల్లకణాలు ఎక్కువ, కాస్త రక్తహీనత. నెల తిరిగేసరికి పిక్క వాచింది. స్కాన్ తీస్తే సిరలో గడ్డ.

ఈ కాగితాలన్నీ పట్టుకుని ఏ డాక్టరు దగ్గరకు వెళ్ళినా మొదట తట్టే ఆలోచన ఏమిటి? “అమ్మా, మీ కీళ్ళవాతం మళ్ళీ విజృంభించింది.” కీళ్ళ నొప్పి ఉంది, సీఆర్‌పీ ఉంది, సూక్ష్మజీవి దొరకలేదు. తప్పు పట్టలేం. ఆవిడకు లింఫోమా అయి ఉంటే “జబ్బు తిరగబెట్టింది” అంటారు. జ్వరం, చెమటలు, బరువు తగ్గడం, రక్తం గడ్డకట్టడం అన్నీ దానికీ సరిపోతాయి. స్వీడన్ వైద్యులు తమ రోగుల వివరాలన్నీ కలిపి 2014లో ప్రచురించిన పత్రంలో నొక్కి చెప్పినది ఇదే. ఈ ఇన్‌ఫెక్షన్ రోగికి అప్పటికే ఉన్న జబ్బు వేషం వేసుకుని వస్తుంది. అప్పుడు ఏం చేస్తారు? స్టెరాయిడ్ పెంచుతారు, ఇంకో డోసు రిటుక్సిమాబ్ ఇస్తారు, లేదా కీమో మొదలుపెడతారు. అంటే ఉన్న కాస్త కాపలాను కూడా ఇంటికి పంపించి, దొంగకు తలుపు తీసిపెట్టినట్టు. నన్నడిగితే ఈ జబ్బులో భయపడాల్సింది బ్యాక్టీరియా బలానికి కాదు, ఈ పొరపాటుకి.

ఎందుకంటే మందు చూస్తే ఆశ్చర్యపోతారు. డాక్సీసైక్లిన్. మీ వీధి చివర మెడికల్ షాపులో దొరికే, ఎన్నో ఏళ్ళుగా ఉన్న చవక మాత్ర. రోగనిర్ధారణ సరిగా జరిగి అది మొదలుపెడితే, నెలల తరబడి ఉన్న జ్వరం కొద్దిరోజుల్లో దిగిపోయినట్టు నివేదికలు చెబుతున్నాయి. కోర్సు వారాల పాటు ఉంటుంది, అది డాక్టరు చెప్పాలి. ఆస్పత్రుల్లో జ్వరం అనగానే సెలైన్‌లో కలిపి ఎక్కించే ఖరీదైన సెఫలోస్పోరిన్ ఇంజెక్షన్లు దీని మీద పనిచేయవు. పది రోజులు పెద్ద ఇంజెక్షన్లు చేయించుకుని జ్వరం తగ్గలేదంటే, “ఇది ఇన్‌ఫెక్షన్ కాదు” అన్న నమ్మకం ఇంకా బలపడుతుంది. అలా ఒక తప్పు ఇంకో తప్పుకు సాక్ష్యం చెబుతుంది.

ఒక హెచ్చరిక. ఇది విని, జ్వరం రాగానే ఎవరూ సొంతంగా డాక్సీసైక్లిన్ మింగకండి. రిటుక్సిమాబ్ లాంటి మందులు వాడే మనిషికి మన దేశంలో ఎడతెగని జ్వరం వస్తే ముందు అనుమానించాల్సింది క్షయ. ఆ తరువాత కూడా మన నేల జబ్బులు చాలా ఉన్నాయి. వాటిలో ఈ కథకు దగ్గర చుట్టం స్క్రబ్ టైఫస్. అది పిడుదు వల్ల కాదు, పొదల్లో ఉండే, కంటికి ఆనని చిగ్గర్ పురుగు వల్ల వస్తుంది. రాయలసీమ నుంచి ఉత్తరాంధ్ర దాకా మన డాక్టర్లు వానాకాలం, చలికాలం చూస్తూనే ఉన్నారు. అదీ కణాల లోపల దాక్కునే బ్యాక్టీరియానే, మామూలు కల్చర్‌లో పెరగదు, రక్తనాళాల లోపలి పొరనే పట్టుకుంటుంది, డాక్సీసైక్లిన్‌కే లొంగుతుంది. కుట్టినచోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటే జబ్బు పేరు అక్కడే రాసిపెట్టినట్టు. అయితే దాన్ని చూడాలంటే రోగి చొక్కా విప్పించి, చంకలు, నడుము చూడాలి. రద్దీ ఓపీల్లో అంత తీరిక దొరకడం లేదు. పిడుదుల వల్లే వచ్చే ఇండియన్ టిక్ టైఫస్ కూడా మన దేశంలో ఉంది. కాబట్టి ఇది పూర్తిగా పరాయి దేశపు కథ అనుకోవద్దు. నియోఎర్లికియాకు మాత్రం ఒంటిమీద ఏ పొక్కూ ఉండకపోవచ్చు, అదే చిక్కు.

అమెరికా వెళ్ళేవాళ్ళకు ఒక మాట. అక్కడ ఈ బ్యాక్టీరియా దాయాది ఎర్లికియా చాఫీన్సిస్ ఉంది. ఆర్కాన్సా రాష్ట్రంలోని ఫోర్ట్ చాఫీ పేరు మీద పెట్టిన పేరు. మొదటి రోగిని 1986లో గుర్తించారు. ఆర్కాన్సా, మిస్సోరి, టెనెస్సీ చుట్టుపక్కల ఎక్కువ. అది ఆరోగ్యవంతులనూ పడేస్తుంది. కిడ్నీ, కాలేయం మార్పిడి చేయించుకున్నవాళ్ళ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మందు మళ్ళీ డాక్సీసైక్లినే, కానీ అక్కడ ఆలస్యానికి వ్యవధి నెలల్లో కాదు, రోజుల్లో ఉంటుంది.

మీరు చేయగలిగినవి చెప్పి ముగిస్తాను. మా అమ్మాయి స్వీడన్‌లో ఉంటుంది కనుక వేసవిలో నేనూ వెళుతుంటాను, నేను చేసేదే చెబుతున్నాను. పొడుగు గడ్డిలోకి, అడవిలోకి వెళ్ళేటప్పుడు ప్యాంటు అంచు సాక్సు లోపలికి దోపుకోవడం. చూసి నవ్వేవాళ్ళు నవ్వుతారు. ఇంటికొచ్చాక స్నానం చేసి మోకాళ్ళ వెనక, గజ్జలు, చంకలు, చెవుల వెనక చూసుకోవడం. కళ్ళజోడు పెట్టుకుని చూడాలి, గసగసం గింజ సైజు అన్నాను గదా. వీపు ఎవరి చేతనైనా చూపించుకోవాలి. పిడుదు కనిపిస్తే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నిదానంగా నిటారుగా లాగాలి. మన ఊళ్ళో చేసినట్టు కిరోసిన్ పోయడం, అగ్గిపుల్లతో కాల్చడం, నూనె రాయడం వద్దు. ఊపిరాడక అది కడుపులో ఉన్నది మన రక్తంలోకే కక్కవచ్చు. లాగాక సబ్బుతో కడిగి, ఆ తేదీ ఫోన్‌లో రాసిపెట్టుకోండి, ఫొటో తీసుకోండి. అక్కడ పిడుదు టీకా అని ఒకటి వేస్తారు. మంచిదే, అయితే అది పిడుదులు తెచ్చే మెదడువాపు వైరస్ కోసం. బ్యాక్టీరియాల మీద దానికి పనిలేదు. టీకా వేయించుకున్నాం గదా అని మిగతావి వదిలేయకూడదు.

ప్లీహం తీసేసినవాళ్ళు, రిటుక్సిమాబ్ గానీ అలాంటి మందులు గానీ వాడుతున్నవాళ్ళు తమ ఫైలు మొదటి పేజీలో ఆ సంగతి పెద్ద అక్షరాలతో రాయించుకోండి. తిరిగొచ్చాక నెలల్లో కారణం తెలియని జ్వరం వచ్చినా, కాలు వాచినా డాక్టరుతో మూడు విషయాలు ఆయన అడగకపోయినా చెప్పండి. ఏ దేశంలో ఏ నెలల్లో ఉన్నారు, గడ్డిలో అడవిలో తిరిగారా, ఏ మందు వాడుతున్నారు. పిడుదు కుట్టినట్టు గుర్తులేకపోయినా చెప్పండి. కల్చర్‌లో ఏమీ రాలేదని, స్టెరాయిడ్ పెంచుదామని అన్నప్పుడు, “సార్, 16ఎస్ పరీక్షకు పంపించవచ్చా?” అని మర్యాదగా అడగండి. మన దేశంలో పెద్ద లేబొరేటరీలు కొన్ని ఆ పరీక్ష చేస్తున్నాయి. మంచి డాక్టరెవరూ ఆ ప్రశ్నకు కోప్పడరు. డాక్టర్లయిన మన పూర్వ విద్యార్థులు ఈ సభలో పదిమందికి పైనే ఉన్నట్టున్నారు. వాళ్ళకూ నా విన్నపం అదే. కల్చర్ నెగెటివ్ అని కాగితం వస్తే దాని అర్థం “సీసాలో పెరగలేదు” అని మాత్రమే.

అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. ఎవరి ఫైలు వాళ్ళు తెచ్చుకుని ఉంటే భోజనాల తరువాత మామిడిచెట్టు కింద కూర్చుంటాను, రండి.